ఒక పగటి ప్రయాణంలో మూడు శతాబ్దాలు

సూరత్ నగరంలోని కతర్‌గామ్ దర్వాజా నుండి దండీ సముద్రతీరం దాకా సాగే ఈ దారిలో పాలరాతి మేడలు లేవు, జలపాతాలు లేవు. కాని ఒక సామ్రాజ్యం ఎక్కడ తొలి అడుగు మోపిందో, ఎక్కడ చిటికెడు ఉప్పు ముందు తడబడిందో యాత్రికుడు ఇక్కడ ఒక్క రోజులో చూడవచ్చు.

కతర్‌గామ్ దర్వాజా అని పిలిచే చోట నిలబడి చూసినవారికి దర్వాజా కనిపించదు. వజ్రాల పనికి పోయే యువకుల మోటారు సైకిళ్లు, బట్టల మూటలతో కిక్కిరిసిన టెంపోలు, ఆటోరిక్షాల హారన్లు మాత్రమే ఎదురవుతాయి. ఒకప్పుడు నగరం చుట్టూ ఉండిన కోటగోడ కూలిపోయింది. దానితోపాటే ద్వారమూ పోయింది. పేరొక్కటే ప్రజల నోట మిగిలింది.

ఆ రద్దీకి ఒక పక్కన, ప్రహరీగోడ వెనుక, పచ్చగడ్డి మధ్య కొన్ని గుమ్మటాలు నిలబడి ఉంటాయి. దూరం నుండి చూసిన కొత్తవారు వాటిని ఏ మొగలాయి నవాబు సమాధులో అనుకుంటారు. దగ్గరకు పోయి ఫలకాలపైని లాటిన్ అక్షరాలను చూశాకగాని సంగతి తెలియదు. అక్కడ నిద్రిస్తున్నవారు నవాబులు కారు. బట్టల బేరానికి వచ్చి, తిరిగి ఓడ ఎక్కలేకపోయిన ఇంగ్లీషు వర్తకులు.

సూరత్‌కు వెళ్లే తెలుగువారు సాధారణంగా చీరలు కొనుక్కుని, దుమాస్ తీరంలోని నల్లని ఇసుక మీద ఒక సాయంత్రం గడిపి తిరిగి వచ్చేస్తారు. కాని ఒక్క రోజు వెచ్చించగలిగితే, ఉత్తరాన కతర్‌గామ్‌లో మొదలుపెట్టి, పడమట సువాలి పల్లె తీరం చూసి, దక్షిణాన దండీ చేరవచ్చు. భారతదేశ చరిత్రలో మూడు శతాబ్దాల కథకు ఆదీ, ముగింపూ ఇంత దగ్గరగా దొరికే తీరం మరొకటి కనిపించదు.

అన్నదమ్ముల గుమ్మటం

ఇంగ్లీషు శ్మశానంలో అన్నిటికన్నా పెద్ద కట్టడం ఆక్సెండెన్ సోదరులది. తమ్ముడు క్రిస్టఫర్ 1659లో మరణించాడు. సూరత్‌లోని ఇంగ్లీషు వర్తకస్థావరానికి అధ్యక్షుడైన అన్న సర్ జార్జి 1669 జూలైలో కన్నుమూశాడు. తమ్ముడి కోసం కట్టిన చిన్న గుమ్మటాన్ని తనలో ఇముడ్చుకుని, అన్న పేరిట రెండంతస్తుల పెద్ద గుమ్మటం లేచింది. దాని ఎత్తు సుమారు 40 అడుగులు. లావైన స్తంభాలు, పైఅంతస్తుకు మెట్లు, నలువైపులా తెరిచిన కమానులు దీని ప్రత్యేకత. చుట్టుపక్కల మేడలు లేని ఆ రోజుల్లో ఇది ఎంత దూరానికి కనిపించేదో ఊహించుకోవలసిందే.

జార్జి ఆక్సెండెన్ జీవితంలో ఒక ఘట్టం మహారాష్ట్ర చరిత్రతో ముడిపడి ఉంది. 1664 జనవరిలో శివాజీ సూరత్‌పై దాడి చేసినప్పుడు, మొగలాయి అధికారి కోటలో దాక్కున్నాడు, నగరం దిక్కులేనిదయింది. ఆక్సెండెన్ మాత్రం కొద్దిమంది మనుషులతో తన వర్తకస్థావరాన్ని నిలబెట్టుకున్నాడు. అందుకు కంపెనీ అతనికి బంగారు పతకం బహూకరించింది. అటుతరువాత 1668లో బొంబాయి దీవి కంపెనీ చేతికి వచ్చినప్పుడు దానికి గవర్నరు కూడా అయ్యాడు. ఏడాది తిరగకముందే కతర్‌గామ్ మట్టిలో కలిశాడు.

తమ్ముడి సమాధిపై ఉన్న లాటిన్ శాసనం చదవగలిగినవారికి ఒక విచిత్రం కనిపిస్తుంది. అది వర్తకుడి ఖాతాపుస్తకపు భాషలో రాసినది. రాక, పోక, లాభం, నష్టం, లెక్క ముగింపు — ఈ మాటలతోనే అందులో ఒక మనిషి ఆయుష్షును తూచారు. ఏళ్లతో గాక రోజులతో లెక్కించవలసినంత చిన్న జీవితం అతనిదని దాని భావం. రాసినవారు చమత్కారానికి రాశారో, కన్నీటిని దాచుకోవడానికి రాశారో చెప్పడం కష్టం. బహుశా రెండూ కావచ్చు.

నిజానికి ఆ లెక్క అక్కడ ఉన్న చాలామందికి వర్తిస్తుంది. విరేచనాలు, జ్వరాలు, మితిమీరిన మద్యం — ఈ మూడూ కలిసి ఆ యువకులలో ఎందరినో ఇల్లు చేరనివ్వలేదు. పశ్చిమ తీరంలో పరదేశి ఆయుష్షు రెండు వానకాలాలేనని వారే చెప్పుకునేవారు. అయినా ఓడ తరువాత ఓడ వస్తూనే ఉండేది. సూరత్ వస్త్రం వారిని అంతగా లాగింది.

మొక్కలను ప్రేమించిన అధికారి

అక్కడికి కొద్ది దూరంలో డచ్చివారి శ్మశానం ఉంది. దానిలోని ముఖ్య కట్టడం ఎనిమిది పలకల మంటపం. స్తంభాల వసారా, ఒకదానిపై ఒకటిగా రెండు గుమ్మటాలు. ఇంగ్లీషువారి గుమ్మటాన్ని తలదన్నాలన్న పట్టుదలతోనే డచ్చివారు దీనిని కట్టారని ప్రతీతి. 1689లో సూరత్ చూసిన ఓవింగ్టన్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు కూడా ఈ రెండు జాతులవారూ సమాధుల వైభవంలో ఒకరితో ఒకరు పోటీ పడుతున్నారని రాశాడు. బతికి ఉన్నప్పుడు నీలిమందు, మిరియాలు, నూలుబట్టల ధరల దగ్గర పడిన పోటీ చనిపోయాక కూడా ఆగలేదన్నమాట.

ఈ మంటపంలో ఉన్నవాడు హెండ్రిక్ ఆడ్రియాన్ వాన్ రీడె. డచ్చి స్థావరాలలో లంచగొండితనాన్ని విచారించడానికి కంపెనీ పంపిన ఉన్నతాధికారి ఆయన. సింహళం, కోరమాండల్ తీరం, బెంగాల్, మలబారు తిరిగి, సూరత్‌కు వస్తూ 1691 డిసెంబరులో బొంబాయి సమీపాన ఓడలోనే మరణించాడు. దేహాన్ని సూరత్ తెచ్చి, 1692 జనవరిలో ఘనంగా ఖననం చేశారు.

వాన్ రీడె పేరు నేటికీ నిలిచి ఉన్నది ఆయన అధికారం వల్ల కాదు, సమాధి వల్ల అంతకన్నా కాదు. ఒక గ్రంథం వల్ల. మలబారులో గవర్నరుగా ఉండగా ఆయన అక్కడి మొక్కలన్నిటినీ బొమ్మలతో, గుణాలతో నమోదు చేయించాడు. ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడు, మరికొందరు కొంకణి బ్రాహ్మణ వైద్యులు ఆ జ్ఞానం అందించారు. 'హోర్టస్ మలబారికస్' పేరుతో 12 సంపుటాలుగా 1678 నుండి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో అది వెలువడింది. చివరి సంపుటం అచ్చయ్యేనాటికి ఆయన కతర్‌గామ్ దారి పక్కన మట్టిలో ఉన్నాడు. కేరళకు చెందిన వృక్షశాస్త్రవేత్త కె.ఎస్. మణిలాల్ జీవితంలో ఎన్నో ఏళ్లు ధారపోసి, ఆ లాటిన్ గ్రంథానికి 2003లో ఇంగ్లీషు అనువాదం వెలువరించారు.

ఆ పక్కనే ఆర్మేనియన్ల శ్మశానం. ఇక్కడ గుమ్మటాల పోటీ లేదు. నేలకు సమంగా పరిచిన రాతిపలకలు, వాటిపై ఎవరూ చదవలేని అందమైన లిపి, ఒక చిన్న ప్రార్థనా మందిరం. కోట లేని, సైన్యం లేని ఈ వర్తకజాతి తన జాడను కూడా అంతే వినయంగా విడిచి వెళ్లింది.

ఈ శ్మశానాలు భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అయితే రక్షణ వేరు, ఆదరణ వేరు. చుట్టూ మేడలు లేచిన కొద్దీ గుమ్మటాలు కుదించుకుపోతున్నట్లు కనిపిస్తాయి. దారి అడిగితే పక్క వీధివారు కూడా ఒక్కొక్కప్పుడు తడుముకుంటారు.

చిక్కుడు తోటల ఊరు

సమాధులు చూసినవారు కతర్‌గామ్ ఊరిని చూడకుండా పోరాదు. గామ్ అంటే గ్రామమే. కోటగోడ వెలుపల, తపతి నది ఒడ్డున ఉండిన పల్లె ఇది. ఇక్కడి కాంతారేశ్వర మహాదేవుని ఆలయానికి నగరమంతటి నుండి భక్తులు వస్తారు. కాంతారమంటే సంస్కృతంలో అడవి. ఆలయం పేరు వింటేనే ఒకనాటి అడవి కళ్లముందు కదలుతుంది. నది కూడా పురాణ ప్రసిద్ధమైనదే: తపతి సూర్యుని కూతురు, సంవరణుని భార్య, కురువంశానికి తల్లి. స్థానికులు ఆమెను ప్రేమగా తాపీ అంటారు. ఆవలి ఒడ్డున రాందేర్ అనే పాత రేవుపట్టణం ఉంది. సూరత్‌కన్నా ముందే అది సముద్ర వర్తకంలో పేరు పొందింది. పోర్చుగీసువారు 1530లో దానిని దోచి కాల్చారు.

గుజరాతీ భోజనప్రియులకు కతర్‌గామ్ అంటే మరొక గుర్తు: పాపడీ. మన చిక్కుడుకు దగ్గరి చుట్టమైన ఈ కాయ ఇక్కడి నదీతీరపు మట్టిలో ప్రత్యేకమైన రుచి పొందేదని పేరు. చలికాలంలో పాపడీ, కందదుంపలు, చిలగడదుంపలు, చిన్న వంకాయలు, మెంతికూర కలిపిన పిండి ఉండలు మట్టికుండలో పెట్టి, కుండను బోర్లించి నిప్పులతో వండే ఉంధియు సూరతీల పండుగ వంట. బోర్లించడమనే మాట నుండే దానికి ఆ పేరు వచ్చింది. ఇదే కాలంలో నది ఒడ్డున పోంక్ అమ్ముతారు. అది మరేమో కాదు. మన పల్లెల్లో పిల్లలు జేబుల్లో నింపుకు తిరిగే జొన్న ఊచబియ్యమే.

పాపడీ తోటలు ఇప్పుడు చాలావరకు లేవు. వాటి స్థానంలో వజ్రాలకు సానపట్టే కర్మాగారాలు, ఎంబ్రాయిడరీ యంత్రాల కొట్లు లేచాయి. సౌరాష్ట్ర నుండి వలస వచ్చిన వేలాది కుటుంబాలు ఈ ప్రాంతాన్ని పల్లె నుండి పేటగా మార్చివేశాయి. లోకంలో సానపట్టే వజ్రాలలో అధికభాగం సూరత్ చేతుల మీదుగానే పోతున్నది. ఆ చేతులలో చాలా కతర్‌గామ్‌లో పనిచేస్తున్నాయి.

ఇసుకదిబ్బ చాటున

మధ్యాహ్నానికి ముందే సువాలి బయలుదేరడం మంచిది. నగరానికి పడమరగా ముప్పై కిలోమీటర్లలోపు దూరం. దారి తపతిని దాటి, హజీరా పారిశ్రామిక ప్రాంతం మీదుగా సాగుతుంది. పొగగొట్టాలు, ఉక్కు కర్మాగారాలు, ద్రవీకృత సహజవాయువు నిలవచేసే తొట్లు వెనుకబడ్డాక చదునైన నేల, ఉప్పుగాలి, పల్లెలు వస్తాయి. ఆ తరువాత సముద్రం.

మొదట చూసినవారికి నిరాశ కలుగవచ్చు. ఇక్కడి నీరు నీలంగా ఉండదు. నది తెచ్చిన ఒండ్రుతో బూడిదరంగులో ఉంటుంది. ఇసుక నల్లన. ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్ల తేడా దేశంలోనే అత్యధికం. ఇప్పుడు కాళ్ల దగ్గర ఉన్న నీరు కొద్ది గంటలలో కనుచూపుమేర దూరానికి జరిగి, బురదమైదానం బయటపడుతుంది. మళ్లీ అంత వేగంగానూ తిరిగి వస్తుంది. ఈ తీరంలో ఈతకు దిగడం ప్రాణాలతో చెలగాటం.

కాని ఆ బురదే, ఆ ఇసుకదిబ్బలే ఒకనాడు చరిత్రను మలుపు తిప్పాయి. తపతి ముఖద్వారంలో మేటలు వేసినందువల్ల పెద్ద ఓడలు సూరత్ దాకా పోలేకపోయేవి. సువాలి దగ్గర మాత్రం తీరానికీ, బయట ఉన్న పొడవాటి ఇసుకదిబ్బకూ నడుమ లోతైన కాలువ ఉండేది. తుఫాను కాలం తప్ప మిగిలిన రోజుల్లో ఓడలు అక్కడ నిశ్చింతగా లంగరు వేసేవి. ఇంగ్లీషువారు దానిని స్వాలీ అని పిలుచుకున్నారు.

1612 నవంబరు చివరలో కెప్టెన్ థామస్ బెస్ట్ 'రెడ్ డ్రాగన్', 'హోసియాండర్' అనే రెండు ఓడలతో ఇక్కడ నాలుగు పోర్చుగీసు యుద్ధనౌకలను ఎదిరించాడు. పోర్చుగీసు నౌకలు పెద్దవి, బరువైనవి; లోతు తక్కువైన చోట ఇసుకలో చిక్కుకున్నాయి. ఇంగ్లీషు ఓడలు చిన్నవి గనుక తప్పించుకు తిరిగాయి. లోకం దృష్టిలో అది పెద్ద యుద్ధం కాదు. కాని శతాబ్దకాలంగా ఈ సముద్రాన్ని ఏలుతున్న పోర్చుగీసువారు ఓడించరానివారు కారని మొగలాయి అధికారులకు అర్థమయింది. 1613 ఆరంభంలో సూరత్‌లో స్థావరం పెట్టుకోవడానికి ఇంగ్లీషువారికి ఫర్మానా లభించింది. 1615 సెప్టెంబరులో ఇంగ్లండు రాజు జేమ్స్ రాయబారి సర్ థామస్ రో ఈ తీరానే దిగి, జహంగీరు కొలువుకు బయలుదేరాడు.

నేడు అక్కడ జయస్తంభం వంటిది ఏదీ కనిపించదు. సెలవుదినాలలో వచ్చే కుటుంబాలు, కాల్చిన మొక్కజొన్న కంకులు, గాలి. యాత్రికుడు తనంతట తాను ఆ ఓడలను ఊహించుకోవలసిందే.

కాలినడకన వచ్చిన ఆంగ్లేయుడు

సువాలి సమీపంలోని రాజ్‌గరీ గ్రామం వద్ద పొలాల మధ్య ఒక చిన్న గుమ్మటం ఉంది. పరంపరగా దానిని థామస్ కొర్యాట్ సమాధి అంటారు. సముద్రం నుండి కనిపించే గుర్తుగా నావికులు తమ పటాలలో దానిని నమోదు చేసుకునేవారు. అదీ నేడు పురావస్తు శాఖ రక్షిత కట్టడమే.

ఇంగ్లీషు సాహిత్యం చదివినవారికి కొర్యాట్ కొత్తవాడు కాడు. పశ్చిమ యూరపును చాలావరకు కాలినడకన తిరిగి, 1611లో తన యాత్రను పెద్ద పుస్తకంగా ప్రకటించిన విచిత్ర పురుషుడు. బెన్ జాన్సన్, జాన్ డన్ వంటివారు ఆ పుస్తకానికి హేళన పద్యాలు రాసి ఇచ్చారు. అతడు సంతోషంగా వాటిని ముందుపేజీలలో అచ్చువేసుకున్నాడు. ఇటలీలో చూసిన ఫోర్కును ఇంగ్లండుకు పరిచయం చేసినవాడుగా కూడా అతనికి పేరుంది.

1612లో మళ్లీ ప్రయాణం కట్టి, అలెప్పో నుండి పర్షియా మీదుగా నడిచి, 1615లో అజ్మీరు చేరాడు. దారిలో రోజుకు రెండు మూడు కాసులకు మించి ఖర్చు చేయలేదని గొప్పగా చెప్పుకున్నాడు. పారశీకం నేర్చుకుని జహంగీరు ఎదుట ఉపన్యసించి నూరు రూపాయలు సంపాదించాడు. తన రాజు మనిషి మరో రాజు వద్ద చేయి చాచడం రాయబారి రోకు మహా అవమానంగా తోచింది. రో వెంట ఉన్న ఎడ్వర్డ్ టెర్రీ అనే మతాచార్యుడు కొంతకాలం కొర్యాట్‌తో ఒకే గుడారంలో ఉన్నాడు. అతని చివరి రోజుల సంగతులు లోకానికి తెలిసింది టెర్రీ రచన వల్లనే.

1617 డిసెంబరులో కొర్యాట్ విరేచనాలతో నీరసించి సూరత్ చేరాడు. ఇంగ్లీషు వర్తకులు స్వదేశపు మద్యంతో ఆదరించారు. ఆ ఆదరణే అతని ప్రాణం తీసింది. వేల మైళ్ల ఎడారులు, దొంగలు, జ్వరాలు చేయలేని పనిని స్నేహితుల మధుపాత్ర చేసింది. కంపెనీవారి గుమ్మటాలతో పోలిస్తే అతని గుమ్మటం ఎంతో చిన్నది. అయినా లాభం ఆశించకుండా, చూడాలన్న కోరికతో మాత్రమే ఈ తీరం చేరినవాడు అతడు. ఆ లెక్కన కొర్యాట్ ఇక్కడి తొలి విహారయాత్రికుడు.

తపతి ముఖద్వారం వద్ద నావికులకు దారి చూపిన మరొక సమాధి ఉండేది. అది బొంబాయి డిప్యూటీ గవర్నరుగా పనిచేసిన వాక్స్ అనే అధికారిది. 1697లో పడవ మునిగి అతడు భార్యతో సహా నదిలో మరణించాడు. ఆ ప్రాంతం రూపురేఖలు ఇప్పుడు గుర్తుపట్టరానంతగా మారాయి. హజీరా నేడు పెద్ద రేవు. 2020 నవంబరులో ఇక్కడి నుండి సింధుశాఖకు ఆవలనున్న ఘోఘాకు వాహనాలను సైతం మోసుకుపోయే ఓడ నడవడం మొదలయింది. రోడ్డుమార్గాన రోజంతా పట్టే దూరాన్ని అది కొద్ది గంటలకు తగ్గించింది. పల్లెతీరం ఒకవైపు కుంచించుకుపోతున్నది. ఇంకొకవైపు నాలుగు వందల ఏళ్ల కిందటి ఓడల సందడి మళ్లీ వచ్చినట్లనిపిస్తుంది.

చిటికెడు ఉప్పు

సువాలి నుండి నగరానికి తిరిగి వచ్చి, దక్షిణంగా నవసారి మీదుగా పోతే సాయంత్రానికి దండీ చేరవచ్చు. నవసారి పట్టణానికి సుమారు పదహారు కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న గ్రామం. అక్కడా అదే బూడిదరంగు సముద్రం, అదే నల్లని ఇసుక, అవే ఆటుపోట్లు.

1930 మార్చి 12న సబర్మతి ఆశ్రమం నుండి బయలుదేరిన గాంధీజీ 24 రోజుల్లో 241 మైళ్లు నడిచి, ఏప్రిల్ 5న ఇక్కడికి వచ్చారు. ఆ రాత్రి సముద్రతీరంలోని సైఫీ విల్లాలో బసచేశారు. దావూదీ బొహరా మతగురువుది ఆ ఇల్లు. తరువాత జాతికి అంకితమయింది. 6వ తేదీ ఉదయం స్నానానంతరం ఆయన వంగి, ఉప్పు కలిసిన గుప్పెడు మన్ను తీశారు. చట్టం ప్రకారం అది నేరం. హైదరాబాదు బిడ్డ సరోజినీనాయుడు అప్పుడు ఆయన పక్కనే ఉన్నారు. మరునెల దక్షిణాన ధరాసనా ఉప్పు కొఠారులపైకి సత్యాగ్రహులను నడిపించినదీ ఆమెయే. గాంధీజీ వెంట సబర్మతి నుండి నడిచినవారిలో ఆంధ్రుడు ఎర్నేని సుబ్రహ్మణ్యం కూడా ఉన్నారు.

దండీలో 2019 జనవరి 30న జాతీయ ఉప్పు సత్యాగ్రహ స్మారకం ఆరంభమయింది. గాంధీజీ విగ్రహం వెనుక 80 మంది పాదయాత్రికుల విగ్రహాలు వరుసగా నిలిచి ఉంటాయి. యాత్ర కథను చెప్పే 24 కుడ్యశిల్పాలు ఉన్నాయి. సూర్యరశ్మితో విద్యుత్తు పుట్టించే 40 లోహవృక్షాలు రాత్రివేళ స్మారకానికి వెలుగునిస్తాయి. సమీపంలోని కరాడీ గ్రామంలో గాంధీజీ ఉండిన పాకకు ప్రతిరూపం చూడవచ్చు. 1930 మే 5 అర్ధరాత్రి దాటాక పోలీసులు ఆయనను నిర్బంధించింది అక్కడే.

విగ్రహాలను చూసి తీరానికి నడిచినవారికి పొద్దున చూసిన గుమ్మటాలు గుర్తుకురాక మానవు. 1612లో సువాలి వద్ద ఇద్దరు ఓడ కెప్టెన్ల పోరుతో మొదలయినది, 318 ఏళ్ల తరువాత అదే సముద్రం ఒడ్డున ఆయుధం లేని ఒక వృద్ధుని ఎదుట సవాలుకు గురయింది. ఒకవైపు 40 అడుగుల గుమ్మటం. మరొకవైపు గుప్పెడు మన్ను.

బందరు చెల్లెలు

తెలుగు పాఠకుడికి ఈ తీరం మరొక జ్ఞాపకాన్ని కూడా తట్టిలేపుతుంది. సూరత్‌కు తూర్పుతీరాన ఒక తోబుట్టువు ఉంది, అది మచిలీపట్నం. డచ్చివారు 1605లోనే అక్కడ స్థావరం పెట్టారు. ఇంగ్లీషువారు 1611లో 'గ్లోబ్' ఓడపై బందరు చేరారు. అంటే సువాలి పోరుకు ఏడాది ముందు. బందరుకోటలోనూ, భీమునిపట్నంలోనూ డచ్చివారి సమాధులు ఉన్నాయి. 1930లో పట్టాభి సీతారామయ్య నాయకత్వాన బందరు సముద్రతీరాన సత్యాగ్రహులు ఉప్పు వండారు. ఆ విధంగా అక్కడా కథ మొదలూ, ముగింపూ ఒకే ఒడ్డున దొరుకుతాయి.

అయితే రెండు రేవుల తలరాత ఒక్కటి కాలేదు. బందరు వైభవం క్షీణించింది. 1864 నవంబరు 1 నాటి పెనుతుఫానులో సుమారు 30,000 మంది సముద్రానికి ఆహుతయ్యారు. సూరత్‌కూ కష్టాలు తక్కువేమీ కాదు. 1687లో కంపెనీ ముఖ్యకేంద్రం బొంబాయికి తరలింది, నదిలో మేటలు పెరిగాయి, 1837లో ఘోర అగ్నిప్రమాదం నగరాన్ని బూడిద చేసింది. ఓడలు పోయినా నేతగాళ్లు, జరీ పనివారు మిగిలారు. వారి తరువాత సానరాళ్లు వచ్చాయి. చేతిపనిని నమ్ముకున్న ఊరు సముద్రం తప్పుకున్నా బతికింది.

ఆ చేతులలో తెలుగువారివి కూడా ఎన్నో ఉన్నాయి. తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు దశాబ్దాలుగా సూరత్ మరమగ్గాల మీద బతుకుతున్నాయి. లింబాయత్ ప్రాంతపు వీధులలో నడిచేవారికి తెలుగు మాటలు చెవిన పడతాయి. నగర పురపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నది. ఒకప్పుడు బందరు నేతకూ, సూరత్ నేతకూ వేర్వేరు ఓడలు ఉండేవి. ఇప్పుడు తెలుగు నేతగాడే సూరత్ మగ్గం ముందు కూర్చున్నాడు.

ఈ యాత్రకు నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఉదయం కతర్‌గామ్, మధ్యాహ్నం సువాలి, సాయంత్రం దండీ. నడుమ నది ఒడ్డున ఒక దోసెడు ఊచబియ్యం. దండీ నుండి తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. కతర్‌గామ్ దర్వాజా వద్ద దీపాలు వెలుగుతుంటాయి. పని ముగించిన వజ్రాల కార్మికులు సమాధుల ప్రహరీ పక్కగా ఇళ్లకు మరలుతుంటారు. రాత్రి విడతకు పోయే నేతగాళ్లు నగరానికి ఆ చివర, లింబాయత్‌లో, అప్పుడే భోజనం డబ్బాలు చేతపట్టుకుని బయలుదేరుతుంటారు.